"పొయ్యి ముట్టించొద్దు" అంటే ఎంతమందికి వండాలి?

పెళ్లికార్డు మీద అచ్చయిన మాటలు ఊరందరికీ ఒకటే. ఎవరు రావాలి, ఎంతమంది రావాలి అన్నది కార్డులో ఉండదు. కార్డు చేతికిస్తూ నోటితో అన్న మాటలో ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో పుట్టిపెరిగిన వాళ్లకు ఇది ఎవరూ నేర్పరు, విని పట్టేస్తారు. ఊరికి కొత్తగా వచ్చిన కోడళ్లు, బయట పెరిగిన పిల్లలు మాత్రం ఇక్కడే దెబ్బతింటారు.

"తప్పకుండా రావాలి" అంటే ఇంటికొకరు. "అందరూ రండి" అంటే మొగుడూ పెళ్లాం, చంకలో బిడ్డుంటే ఆ బిడ్డ. "ముందురోజే వచ్చెయ్యండి, మీ ఇంట్లో పొయ్యి ముట్టించొద్దు" అంటే ముసలీ ముతకాతో సహా ఇంటిల్లిపాదీ, అదీ మూడు పూటలా. ఈ తేడా తెలియక కార్డుల లెక్కన వండించేవాళ్లే ఎక్కువ. కార్డుకు మూడు విస్తళ్లు అని వేసుకుంటే మూడొందల కార్డులకు తొమ్మిది వందలు. అదే పిలిచిన మాట ప్రకారం వేస్తే లెక్క వేరు. పొయ్యి ముట్టించొద్దన్న ఇళ్లు 60, ఇంటికి నలుగురు చొప్పున 240. అందరూ రమ్మన్న ఇళ్లు 140, ఇద్దరేసి 280. తప్పకుండా రమ్మన్న ఇళ్లు 100, ఒక్కొక్కరు. మొత్తం 620. కూరలూ పలావూ బాగా ఉన్న భోజనానికి నూరు మందికి పది నుంచి పన్నెండు కిలోల బియ్యం సరిపోతాయి కాబట్టి పెళ్లి భోజనం ఆ ఒక్క పూటకు మూడు బస్తాలు తెప్పిస్తే చాలు. (బస్తా ఇప్పుడు 26 కిలోలు ఉండడం చూసే ఉంటారు. పాతిక కిలోల దాకా ప్యాకింగ్ బియ్యానికి 2022లో జీఎస్టీ పెట్టారు, మిల్లువాళ్లు ఒక కిలో కలిపి బయటపడ్డారు.) కాబట్టి కార్డు ఇచ్చి బయటికి రాగానే ఏ మాట అన్నామో కార్డుల జాబితాలో ఆ పేరు పక్కనే గుర్తు పెట్టుకోవాలి. రాత్రి ఇంటికొచ్చి రాద్దామంటే యాభై ఇళ్లు కలగాపులగం అయిపోతాయి.

ఫోన్‌లో పిలిస్తే చెల్లుతుందా? దూరాన్ని బట్టి. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్నవాళ్లకు వాట్సాప్‌లో కార్డు పెట్టి ఫోన్ చేస్తే ఎవరూ తప్పు పట్టరు. అదే మండలంలో ఉన్నవాళ్లకు అలా చేస్తే "గడప తొక్కలేదు" అంటారు, రారు. వచ్చినా ఇంట్లో చిన్నవాణ్ణి పంపి ఊరుకుంటారు. అన్నదమ్ముల పిల్లలకైతే మగవాళ్లు మగవాళ్లతో చెప్పడం చాలదు, ఇంటి ఇల్లాలు వెళ్లి బొట్టు పెట్టాలి. ఇక్కడొక చిక్కుంది. భర్త పోయిన ఆడమనిషి ఇంటిపెద్దగా ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు బొట్టు పెట్టకుండా కార్డు అరుగు మీద పెట్టి వచ్చేస్తారు. ఆ ఇంటివాళ్లకు అది పిలుపు కిందకు రాదు. పెళ్లికి ఎందుకు రాలేదో ఏళ్ల తరబడి ఎవరికీ అర్థం కాదు. బొట్టు సంగతి ఎట్టా ఉన్నా, కార్డు ఆమె చేతికే ఇచ్చి, "పెద్దమ్మా, నువ్వు దగ్గరుండి జరిపించాల" అని ఆమెనే పిలిస్తే చాలు. బొట్టు కూడా పెట్టే ఇళ్లు ఇప్పుడు ఉన్నాయి, ఎవరూ ఏమీ అనడం లేదు.

చావుకు ఇదంతా తలకిందులు. పిలుపు ఉండదు, తెలిస్తే పోవాలి. మామూలుగా ఏ ఇంటి నుంచి కదిలినా "పోయొస్తా" అనేవాళ్లు చావింటి నుంచి మాట్లాడకుండా లేచి వస్తారు. ఇంటివాళ్లూ "రండి" అని పిలవరు, "వెళ్లిరండి" అనరు. తెలియని కుర్రాళ్లు అలవాటు కొద్దీ చెప్పి చీవాట్లు తింటారు. ఉత్తరక్రియలకు మాత్రం కార్డు వస్తుంది, దానికి పిలుపు నియమాలే వర్తిస్తాయి.

ఇక చదివింపులు. అసలు కథ ఇక్కడుంది.

మైకులో "ఫలానా ఊరు, ఫలానా వారు, వెయ్యినూట పదహార్లు" అని చదివిన రోజుల్లో ఆ గొంతే రేటు పెట్టేది. ముందు చదివిన బావమరిది వెయ్యినూట పదహార్లు ఇస్తే వెనకున్నవాడు అయిదువందల పదహార్లు ఇవ్వలేడు, జేబులోంచి మరో నోటు తీస్తాడు. కవర్లు వచ్చాక ఈ ఒత్తిడి సగం తగ్గింది. కానీ ఎవరు ఎంత చదివించారో రాసే పుస్తకం పోలేదు, పోదు కూడా. ఎందుకంటే అది కానుకల పట్టీ కాదు, అప్పుల పద్దు. వడ్డీ లేదు, గడువు లేదు, ప్రామిసరీ నోటు రాసుకోలేదు, అయినా ఎగ్గొట్టినవాడు అరుదు. బ్యాంకు వాయిదా మరిచిపోయే మనిషి కూడా పన్నెండేళ్ల కిందట చదివించిన వాళ్లింట్లో పెళ్లంటే పాత పుస్తకం అటక మీద నుంచి దించుతాడు.

తీర్చే పద్ధతికీ నియమం ఉంది. తీసుకున్నంతే తిరిగి ఇస్తే లెక్క సరిపోయినట్టు, అంటే రాకపోకలు అక్కడితో చాలన్నట్టు కూడా అనిపిస్తుంది. తగ్గిస్తే అవమానం. అందుకే కొంత కలిపి ఇస్తారు, ఆ కలిపింది మళ్లీ కొత్త బాకీ అవుతుంది. మరీ ఎక్కువ కలిపినా తప్పే. కూలి చేసుకునే కుటుంబం అయిదు వందలు చదివిస్తే, తిరుగు అయిదు వేలు ఇచ్చి ఉపకారం చేశామనుకుంటారు కొందరు. వాళ్లింట్లో ఆ రోజు నుంచి దిగులే, రేపు మనింట్లో శుభకార్యానికి అంత ఎక్కడ తేవాలని. ఇరవై ఏళ్ల కిందటి పాత పద్దు అయితే మాత్రం ధరలు పెరిగిన సంగతి చూసుకోవాలి. అప్పటి నూట పదహార్లకు ఇప్పుడు నూట పదహార్లే ఇస్తే లెక్కకు సరే, మర్యాదకు కాదు.

పుస్తకం రాయడం చేతకాకపోతే పదేళ్ల తర్వాత తెలుస్తుంది. భోజనాల దారిలో, గాలి తగలని చోట బల్ల వెయ్యాలి. ఇద్దరు కూర్చోవాలి: ఒకరు రాయడానికి, ఒకరు డబ్బు లెక్కపెట్టి సంచిలో వెయ్యడానికి. ఒక్కడే రెండు పనులూ చేస్తే ముహూర్తం అయిపోయి జనం ఒక్కసారి మీద పడినప్పుడు తప్పుతుంది. ఒక్కో పద్దులో ఊరు, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, మొత్తం, ఈ అయిదూ ఉండాలి. "వెంకటేశ్వర్లు, 1,116" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు, ఒక్క ఊళ్లోనే పదిమంది ఉంటారు. వరస రాయడం ఇంకా పెద్ద తప్పు. రాసే కుర్రాడు తన వరసతో "చిన్నాయన" అని రాస్తాడు. ఆ చిన్నాయన పెళ్లికొడుక్కి మామయ్యో, వాళ్ల నాయనకు తమ్ముడో పుస్తకం చెప్పదు. పైగా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, అదే తర్వాత ప్రకాశం అయింది. ఒకే పందిట్లో ఒకే వరసను చిన్నాయన అనేవాళ్లూ బాబాయ్ అనేవాళ్లూ కూర్చునే జిల్లా ఇది.

పేజీ నిండగానే అడుగున మొత్తం వేసి, సంచిలో డబ్బుతో సరిచూసుకోవాలి. చివర్లో ఒకేసారి కూడితే తేడా ఏ పేజీలో వచ్చిందో దొరకదు. కవరు ఇస్తే దాని మీద పేరుందో లేదో ఇచ్చినవాళ్ల ఎదుటే చూడాలి. పేరు లేని కవరు ప్రతి పెళ్లిలోనూ నాలుగైదు తేలుతుంది, ఇచ్చినవాళ్లు మాత్రం ఇచ్చామనే అంటారు. కవరుకు అతికించిన రూపాయి బిళ్లనూ కలిపి రాయాలి, అది లేకపోతే వెయ్యిన్నొకటి కాస్తా వెయ్యి అవుతుంది.

ఇప్పుడు బల్ల మీద క్యూఆర్ కోడ్ అట్ట పెడుతున్నారు. మంచిదే, చిల్లర బాధ లేదు. కాకపోతే ఫోన్‌లో కనపడే పేరు బ్యాంకు ఖాతా పేరు. కొడుకు ఫోన్ నుంచి తండ్రి తరపున కొడితే కొడుకు పేరే పడుతుంది. డబ్బు పంపేటప్పుడు సందేశం రాసే చోట ఊరూ ఇంటిపేరూ రాయమని చెప్పాలి, అయినా చేత్తో పుస్తకంలో ఎక్కించాలి. స్టేట్‌మెంట్ తీసుకోవచ్చులే అనుకుంటే ఆ ఖాతాలో పాలవాడి డబ్బూ, చిట్టీ డబ్బూ కలిసిపోయి ఉంటాయి.

పెళ్లిలో వచ్చిన కానుకలకు వధూవరులు ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. అయితే ఒకే మనిషి దగ్గర ఒకే సందర్భంలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు, పెళ్లికి మినహాయింపు లేదు. మేనమామలు ఉత్సాహపడేచోట ఇది గుర్తుంచుకోవాలి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పొలం, ఇల్లు పంచుకుంటారు గానీ చదివింపుల పుస్తకాన్ని మరిచిపోతారు. పెద్దవాడింట్లో ఉండిపోతుంది, చిన్నవాడు ఎవరికి ఎంత బాకీయో తెలియక నలుగురిలో చిన్నబోతాడు. జిరాక్స్ తీసి తలా ఒకటి ఇచ్చుకుంటే తీరిపోయే పని.

"మీ ఆశీస్సులు చాలు, చదివింపులు వద్దు" అని కార్డులో వేసే పద్ధతి ఈమధ్య వచ్చింది. ఉద్దేశం మంచిదే. జరిగేది వేరు. ఆ ఇంటికి బాకీ ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారు, మా అప్పు తీర్చుకోనివ్వలేదని. తర్వాత బట్టలు పట్టుకొని ఇంటికొస్తారు, రెండింతలు ఖర్చు. నా లెక్కలో, వద్దనుకునేవాళ్లు ముందు తాము చదివించడం మానాలి, లేదా పాతవి తీరేదాకా తీసుకొని ఆ తర్వాత కార్డులో వెయ్యాలి.

బంధువుల మధ్య నడిచే ఈ లెక్కే, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య నడవడం చూడాలంటే మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి పోవాలి. బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో ప్రతి రొట్టెకూ పేరుంటుంది: ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరినవాళ్లు ఆ పేరు రొట్టె తెచ్చి చెరువు నీళ్లలో నిలబడి వదులుతారు, అంటే చేతికిస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పట్టుకొని తింటారు. తమది తీరాక వీళ్లూ రొట్టె తెచ్చి ఇంకొకరికి వదలాలి. పుస్తకం లేదు, సాక్షి లేడు, బాకీ తీర్చేది ఇచ్చినవాళ్లకు కూడా కాదు. హిందువులూ ముస్లింలూ కలిసే పట్టుకుంటారు. నన్ను ఆపేది రొట్టె కాదు, ఆ కేక. పెళ్లయి ఎనిమిదేళ్లయినా పిల్లల్లేరని సొంత అక్కతో చెప్పుకోని ఆడమనిషి అక్కడ మోకాటిలోతు నీళ్లలో "సంతాన రొట్టె ఎవరి దగ్గరుంది" అని పదిమందిలో గట్టిగా అడుగుతుంది. అందరూ అదే అడుగుతున్నారు కాబట్టి ఆ మాటలో అక్కడ సిగ్గు లేదు.

మాట నోరు తెరిపించినట్టే నోరు మూయిస్తుంది కూడా. పెళ్లిచూపులయ్యాక మగపెళ్లివారు "మాకేం వద్దు, మీ అమ్మాయికి మీరేం పెట్టుకున్నా సరే, మీ గౌరవానికి తగ్గట్టు చెయ్యండి" అంటారు. అంకె చెప్పి అడిగితే బేరమన్నా ఆడొచ్చు. ఈ మాటకు బేరం లేదు, ఆడపిల్ల తండ్రి తన గౌరవానికి తానే రేటు కట్టుకోవాలి, ఎప్పుడూ శక్తికి మించే కట్టుకుంటాడు. కట్నం అనే మాట పలకరు. లాంఛనాలు అంటారు, ఆడపడుచు కట్నం అంటారు, పొలమైతే పసుపుకుంకుమ కింద అంటారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం పేరు చూడదు. పెళ్లికి సంబంధించి ఇచ్చినా, ఇస్తామని ఒప్పుకున్నా అది కట్నమే. ఇచ్చినా పుచ్చుకున్నా అయిదేళ్లకు తగ్గని జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంతకు తగ్గని జరిమానా. అడగకుండా ఇచ్చిన కానుకలకు మినహాయింపు ఉంది గానీ వాటికి 1985 నియమాల ప్రకారం జాబితా రాయాలి: వస్తువు ఏది, ఉజ్జాయింపు విలువ ఎంత, ఇచ్చింది ఎవరు, వరస ఏమిటి. దాని మీద వధూవరులిద్దరూ సంతకం చెయ్యాలి. చదివింపుల పుస్తకం అంత శ్రద్ధగా రాసే ఇళ్లలో ఈ జాబితా రాసింది ఎక్కడా కనపడదు. అదే బల్ల దగ్గర, అదే కుర్రాడితో, రెండో నోటుబుక్కులో రాయించొచ్చు.

ఇంత ఖర్చూ తర్వాత ఒక్క మాటగా మారుతుంది: "ఆడబిడ్డకు పెళ్లప్పుడే ఇచ్చేశాం." నాయన పోయాక పొలం పంపకాల్లో అన్నలు ఈ మాట అంటారు, చెల్లెలు నిజమే కాబోలనుకొని రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు హిందూ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన భాగం ఉంది. 2005 సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. పెళ్లి ఖర్చు ఆ భాగంలోంచి దానంతటదే తరిగిపోదు. వదులుకోవాలంటే రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు కావాలి, అన్నలు ఆఫీసుకు తీసుకెళ్లేది అందుకే. సంతకం పెట్టేముందు దస్తావేజులో ఏ సర్వే నంబర్లు రాశారో, ఎంత ముట్టినట్టు రాశారో చదివించుకొని వినాలి. నాయన రాసుకున్న చదివింపుల పుస్తకం దొరికితే అదీ తీసిపెట్టుకోవాలి. పెళ్లికి ఎంత వచ్చిందో అందులో ఉంటుంది, పెళ్లికి ఎంతయిందని అన్నలు చెప్పే లెక్క పక్కన దాన్ని పెట్టి చూడొచ్చు.