అమ్మ కంట్లో మందు

నిన్న అమ్మకి కంట్లో మూడో ఇంజెక్షన్. చుక్కల మందుతో కన్ను మొద్దుబారాక రెప్పలకి క్లిప్పు పెట్టారు. సూది క్షణంలో అయిపోయింది గానీ, అమ్మ నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

ఈ మందు వెనక ఎవరున్నారా అని రాత్రి కూర్చుని చదివాను. నెపోలియోనే ఫెరారా అనే శాస్త్రవేత్త. సిసిలీలోని కటానియాలో పుట్టారు. 1989లో ఆవుల పిట్యూటరీ గ్రంథి కణాల నుంచి వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ని వేరుచేశారు. రెటీనా (కంటి వెనక చూపునిచ్చే పొర) కింద అక్కర్లేని రక్తనాళాలు మొలిపించేది అదే. దాన్ని అడ్డుకునే రానిబిజుమాబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది 2006లో. పదిహేడేళ్లు! ఆయన పేపర్లని ఉటంకించిన పరిశోధనలు వేలకి వేలు. ఒక్కోదాని వెనకా ఏదో ల్యాబులో ఎవరో రాత్రిళ్లు కూర్చుని ఉంటారు కదా, వాళ్లందరికీ దణ్ణం పెట్టాలనిపించింది.

పొద్దున్నే అమ్మ అంది: "గుమ్మానికి ఇన్నాళ్లూ కనబడిన వంకర పోయిందిరా, తిన్నగా కనబడుతోంది."