పార్కులో చెక్క మంటపం, దాని కాళ్ళు

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక కాలనీ పార్కుకు చెక్క మంటపం గీసే పని ఈ ఏడాది నా చేతికి వచ్చింది. 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, ఎనిమిది స్తంభాలు, పెంకు కప్పు, మూడు వైపులా కూర్చోవడానికి అరుగు. చూపుకు ఇంతకు మించి ఏమీ ఉండదు. అయినా ఈ మూడు నెలల్లో నేను గీసిన కాగితాలలో సగానికి పైగా స్తంభం నేలను చేరే ఆ ఒక్క చోటు గురించే.

పదకొండేళ్ళ క్రితం మరో ఊరి పార్కులో నేను గీసిన మొదటి చెక్క మంటపానికి స్తంభాలను నేరుగా కాంక్రీటులో పాతించాను. అలా అయితే గట్టిగా నిలుస్తుందనుకున్నాను. నాలుగో వానాకాలం తరువాత వెళ్ళి చూస్తే స్తంభాలు పైకి నిగనిగలాడుతూనే ఉన్నాయి, కానీ నేలకు రెండు అంగుళాల ఎత్తులో స్క్రూడ్రైవరుతో గుచ్చితే అది పిడి దాకా దిగిపోయింది. చెక్కకూ కాంక్రీటుకూ మధ్య వెంట్రుకంత సందులోకి దిగిన వాన నీరు బయటికి దారి లేక అక్కడే నిలిచిపోయి, ఏళ్ళ తరబడి లోపలి నుంచి కర్రను తినేసింది. ఆ మంటపాన్ని పడగొట్టి అక్కడ రేకుల షెడ్డు వేశారు. తప్పు కలపది కాదు, నాది; కానీ చెక్క కట్టడాలు పార్కులకు పనికిరావన్న మాట మాత్రం ఆ ఊళ్ళో స్థిరపడిపోయింది. అందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

మన పాత మండువా లోగిళ్ళలో ఈ తప్పు కనిపించదు. అక్కడ టేకు స్తంభం మట్టిని గాని గచ్చును గాని తాకదు. చెక్కిన రాతి దిమ్మె మీద నిలుస్తుంది. చిన్నప్పుడు అది అలంకారమనుకునేవాణ్ణి. ఈసారి పనిలోకి వచ్చిన వడ్రంగి మేస్త్రీ గారు దాని అర్థాన్ని ఒక పళ్ళెంతో చూపించారు. అడ్డంగా కోసిన కర్ర ముక్కను అర అంగుళం నీటిలో నిలబెట్టి, రాత్రంతా వదిలేసి, మర్నాడు చూపించారు. నారల వెంట తడి చాలా పైకి పాకింది, అదే నీటిలో పక్కకు పడుకోబెట్టిన ముక్క లోపల దాదాపు పొడిగానే ఉంది. "చూశారా బాబూ, మొదలుతో ఎలాగ తాగేత్తందో" అన్నారాయన. చెట్టు బతికి ఉన్నప్పుడు నీటిని పైకి తీసుకుపోయిన దారులే అవి. నరికినంత మాత్రాన ఆ దారులు మూసుకుపోవు.

అందువల్ల ఈ మంటపంలో ప్రతి స్తంభమూ నేల నుంచి 18 అంగుళాలు లేచిన రాతి దిమ్మె మీద, స్టెయిన్‌లెస్ స్టీలు పీట సాయంతో, రాతికి ఒక అంగుళం ఎడంగా నిలుస్తుంది. ఆ అంగుళం ఖాళీలో గాలి ఆడుతుంది, తడిసిన అడుగు ఆరుతుంది. ఇంకొక మేలు కూడా ఉంది. చెదలు నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి కనుక, ఆ ఖాళీని దాటాలంటే అవి బయటపడక తప్పదు. రోజూ ఊడ్చే మనిషి కంటికే అవి కనబడతాయి. ఇనుప పీట చవకే, కానీ సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. పైగా టేకు వంటి కలపలో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలతో కలిసి చుట్టూ నల్లని మరకలు కడుతుంది.

చూరును మూడున్నర అడుగులు బయటికి దించాను. సముద్రం వైపు ఇంకొంచెం కిందికి కూడా వంచాను, ఎందుకంటే ఇక్కడ అక్టోబరు, నవంబరు నెలల్లో వాన నిలువుగా పడదు.

ఇంత వెడల్పు చూరు పెడితే గాలి దాన్ని పట్టుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానును చూసిన ఊరికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. భారత ప్రమాణాల ప్రకారం విశాఖలో లెక్కకు తీసుకోవలసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుకు సమానం. పెంకులూ బద్దలూ కలిపి కప్పు బరువు చదరపు మీటరుకు 65 కిలోలే. గోడలు లేని మంటపంలో గాలి కప్పు కిందికి కూడా దూరి దాన్ని పైకి ఎత్తుతుంది కనుక, బరువు వల్ల కప్పు కూర్చుంటుందనే నమ్మకం పనికిరాదు. ఒక్కో స్తంభం వాటాకు దాదాపు 8 చదరపు మీటర్ల కప్పు వస్తుంది. కప్పు బరువు పోగా మిగిలే 700 కిలోల ఎగలాగుడును పునాది బరువు ఆపాలి, భద్రత కోసం అంతకన్నా ఎక్కువే ఆపాలి. వాసాన్ని దూలానికీ, దూలాన్ని స్తంభానికీ, స్తంభాన్ని రాతి కింది కాంక్రీటుకూ వరుసగా కట్టేశాను, పెంకులను కూడా తీగతో బద్దలకు బిగించమన్నాను. పక్కకు ఒరగకుండా స్తంభానికీ దూలానికీ మధ్య మూలల్లో ఏటవాలు కట్టెలు ఉన్నాయి. ఒక కర్ర మరో కర్రలోకి దూరే కుసులు ఉలితో చేసినవే. వాటిని చిల్లలతో, అంటే చెక్క మేకులతో, బిగించారు.

కలప విషయంలో చేవ ఉన్న టేకునే అడిగాను. బయటి తెల్లని భాగం కలిసిన దుంగ చవకగా వస్తుంది, కానీ చెదలకూ బూజుకూ మొదట లొంగేది ఆ తెల్లభాగమే. కూల్చిన పాత ఇళ్ళ దూలాలు కొన్ని దొరికాయి. వాటిలోని ఇనుప మేకులను ఒక్కొక్కటిగా తీయడానికి నాలుగు రోజులు పట్టినా, అంత బాగా ఆరిన కర్ర కొత్తది కొనబోతే దొరకదు. వార్నిషు వద్దన్నాను. అది ఎండకు పగిలాక నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. చేతులు తగిలే చోట అవిసె నూనె, కప్పు లోపలి వాసాలకు మాత్రం పలాస వైపు నుంచి వచ్చే జీడిపిక్కల తొక్క నూనె. పడవలకు పూసే ఆ నూనెకు పురుగు దూరంగా ఉంటుంది, కానీ పచ్చిది చర్మాన్ని పొక్కిస్తుంది. మేస్త్రీ గారు దాన్ని చేతికి గుడ్డ చుట్టుకోకుండా ముట్టనివ్వలేదు.

అరుగు పైభాగం కూడా చెక్కే. మే నెల మధ్యాహ్నం రాతి అరుగు మీద కూర్చోలేక లేచిపోయే పెద్దవాళ్ళను ఆ పార్కులోనే చూశాను. 17 అంగుళాల ఎత్తు, వీపు ఆన్చుకోవడానికి బద్దలు, అంచులన్నీ గుండ్రం.

అంచనాలు పరిశీలించిన కార్యాలయంలో నన్ను అడిగింది ఒకే ప్రశ్న: పాడైతే ఎవరు చూస్తారు? న్యాయమైన ప్రశ్నే. జపాన్‌లో పాత కట్టడాల స్తంభాల అడుగు పాడైతే, ఆ మేరకే కోసి కొత్త కర్రను అతికించే పద్ధతి ఉంది, దాన్ని నెత్సుగి అంటారు. మా మేస్త్రీ గారికి ఆ పేరు తెలియదు, పని మాత్రం తెలుసు. అందుకని దూలానికి కింద ఊత కర్ర పెట్టి స్తంభం బరువును తప్పించేందుకు వీలుగా, ప్రతి స్తంభం పక్కన నేలలో ఒక గట్టి రాతి పలకను వేయించాను. కూల్చిన ఇళ్ళ నుంచి తెచ్చిన ఆ పాత దూలాల నుంచే స్తంభాల మందంలో, ఒక్కొక్కటి రెండు అడుగుల పొడవున రెండు ముక్కలు కోయించి, నూనె పట్టించి, కప్పు లోపల దూలాల పైన కట్టి పెట్టించాను. ఏ స్తంభానికి సరిపోతాయో వాటి మీద ఉలితో చెక్కి ఉంది.