కుడి మడమ నల్ల చుక్కలు: డబుల్ సాక్స్ కూడా ఫెయిల్

రెండు జతల సాక్స్ ఉపాయమూ తుస్సుమంది. నిన్న బ్యాడ్మింటన్ ప్రాక్టీసు అయ్యాక చూస్తే మా చిన్నదాని కుడి మడమ మీద మళ్ళీ అవే నల్ల చుక్కలు. మడమ వెనక, బయటివైపు, మందపు చర్మం మొదలయ్యే అంచున, అడ్డంగా 11 మి.మీ. పొడవు, 4 మి.మీ. వెడల్పు. నొక్కితే నొప్పి లేదు, ఎంత రుద్దినా పోవు. ఎడమ కాలికి ఏమీ లేదు.



మొదటిసారి వచ్చినప్పుడే చర్మ డాక్టర్‌కి చూపించాం. ఆవిడ బ్లేడుతో పైపొర పల్చగా గీకితే నలుపు దాంతోపాటే వచ్చేసింది. దీన్ని టాలోన్ న్వార్ అంటారట. 1961లోనే బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళ మడమల్లో గుర్తించి రాశారు. ఒరిపిడికి సన్నటి రక్తనాళాలు చిట్లి, ఆ రక్తం పై చర్మంలో ఇరుక్కుంటుంది. ఆట ఆపితే కొన్ని వారాల్లో చర్మంతోపాటు రాలిపోతుంది. బ్లేడు పని ఇంట్లో వద్దు. ఆట ఆపినా మచ్చ పోకపోతే, పెరుగుతుంటే మళ్ళీ చూపించాల్సిందే. అరికాలి మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కూడా నల్లగానే ఉంటుంది.

ప్రమాదం లేదు సరే, ఎందుకు ఆగట్లేదన్నదే నా గొడవ. కుడిచేతి వాటం కాబట్టి నెట్ దగ్గరి షటిల్‌కి ఆఖరి అడుగు కుడికాలిదే. మడమ ఆనగానే షూ కోర్టు మీది మ్యాట్‌ని పట్టుకుని ఆగిపోతుంది, లోపల పాదం ఆగదు. పాదం 21.4 సెం.మీ., ఇన్‌సోల్ 22.9. అంటే 15 మి.మీ. ఖాళీ, "పెరిగే పిల్ల కదండీ" అని షాపువాడు ఇచ్చిన సైజు. సాక్స్ మడమకి చాక్‌పీసు రాసి నెట్ డ్రిల్ చేయిస్తే షూ లోపల మరక 6 మి.మీ. పైకి పాకింది. సిలికాన్ హీల్ ప్యాడ్ పెడితే మడమ ఎత్తు లేచి 8 అయింది. పై కన్నంలోంచి లేసు మెలేసి బిగిస్తే 3కి దిగింది, అయినా చుక్కలు వచ్చాయి. రెండు సాక్స్‌తో మళ్ళీ 7! లోపలిది కాటన్, చెమటకి తడిసి ముడతపడుతోందని నా అనుమానం. విచిత్రమేమంటే అపార్ట్‌మెంట్ సిమెంటు కోర్టులో ఆడిన వారాల్లో చుక్కలే లేవు. అక్కడి దుమ్ముకి షూ కాస్త జారి ఆగుతుంది, బహుశా అదే కారణం. అలాగని సిమెంటు మీద రోజూ ఆడిస్తే మోకాళ్ళ సంగతేంటి?

ఈసారి పాదానికీ ఇన్‌సోల్‌కీ 8 మి.మీ. తేడాకి మించని షూ కొంటాను. విక్టర్ కంపెనీవి ముందు వేసి చూస్తాను, మా ఇంటివాళ్ళవన్నీ వెడల్పు పాదాలు. లోపలికి పల్చటి సింథటిక్ సాక్స్, లేసు మెలిక అలాగే. అప్పటిదాకా నెట్ డ్రిల్ సగానికి తగ్గించి, వెనక కోర్టు క్లియర్లు (షటిల్‌ని ఎత్తుగా అవతలి కోర్టు చివరికి కొట్టడం).