రక్తపింజర కరిచినాక తిరుపతి పెద్దాసుపత్రిలో నన్ను చూసుకున్న పిల్లలు

మా ఊర్లో ఎవరికి ఏమైనా ఒక మాట అంటారు, పెద్దాసుపత్రికి పోతే ఆడ చదువుకునే పిల్లోళ్లు మన మీద నేర్చుకుంటారు, అప్పో సప్పో చేసి ప్రైవేటుకే పోదాం అని. ఈ మాట నేను చిన్నప్పటి నుంచి వింటా ఉన్నా. ఈ రోజు నేను కూర్చోని ఇది టైప్ చేస్తా ఉన్నానంటే ఆ నేర్చుకునే పిల్లల వల్లే, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తా ఉన్నా, కొంచెం పొడుగవుతాది, ఓపిగ్గా చదవండి.

మాది పాకాల పక్కన పల్లె. పోయినేడు అక్టోబర్ ఆఖర్లో శెనక్కాయ పీకి కుప్ప వేసినాం, వాన వచ్చేట్టుందని సాయంత్రం కుప్ప మీద పట్ట కప్పుదామని చెయ్యి పెడితే చురుక్కుమనింది. పామును నేనే చూసినా, లావుగా, ఒంటి మీద గొలుసు మచ్చలు, అది బుస కొడతా ఉంటే గట్టు మీద ఉన్న మా ఆయనకి కూడా వినపడింది. రక్తపింజర. పక్క చేనోళ్లు పరిగెత్తుకోని వచ్చి జబ్బకి తాడు బిగించి కట్టినారు, మంత్రం వేసే ఆయన్ని పిలుద్దామని ఒకరు, వద్దని ఒకరు. మా ఆయన ఎవరి మాటా వినకుండా బండి మీద కూర్చోబెట్టుకోని టౌన్లో ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకుపోయినాడు, పేరు రాయను. ఆడ టీటీ ఇంజెక్షన్ వేసి గ్లూకోజు పెట్టి, చూద్దాం వాపు తగ్గిపోతుంది అని బాగా పొద్దుపోయే దాకా పెట్టుకున్నారు, డబ్బులు కట్టించుకున్నారు, పాము మందు మాత్రం వాళ్ల దగ్గర లేదు. లేదనే మాట ముందే చెప్పుంటే మేము అప్పుడే కదిలుండేవాళ్లం. నా చిగుళ్ల నుంచి రక్తం వచ్చినాక గానీ 108కి ఫోన్ చెయ్యమనలేదు. నా కిడ్నీలు దెబ్బతినింది ఆ పోయిన టైం వల్లేనని తర్వాత డాక్టర్లు చెప్పినారు.

చంద్రగిరి మీదుగా రుయాకి, అదే తిరుపతి పెద్దాసుపత్రికి తెచ్చినారు. ఎస్వీ మెడికల్ కాలేజీకి అటాచ్ అయిన ఆసుపత్రి కదా, ఆ కాలేజీ 1960లో పెట్టింది, మా వైపు పల్లెలన్నిటికీ పాము కరిచినా తేలు కుట్టినా అదే దిక్కు. క్యాజువాలిటీలో నా దగ్గరికి ముందు వచ్చింది ఒక హౌస్ సర్జన్ అమ్మాయి (ఎంబీబీఎస్ పాఠాలు అయిపోయి ఆసుపత్రిలో పని నేర్చుకునే డాక్టరు), మా పెద్దపాప కంటే ఒక నాలుగైదేళ్లు పెద్దదేమో. ఏ పాము, ఎంతసేపయింది అని అడుగుతానే నా చేతిలో రక్తం కొంచెం తీసి ఒక గాజు ట్యూబులో పోసి బల్ల మీద నిలబెట్టి, ఎవరూ దీన్ని కదిలించొద్దు అని చెప్పి టైం రాసుకునింది. అంతే, 20 నిమిషాలు. నాకు భయం, ఇంత జరుగుతా ఉంటే ట్యూబు పెట్టుకోని చూస్తారేంది అని. టైం కాగానే ట్యూబు మెల్లగా వంచింది, రక్తం నీళ్ల మాదిరి జారిపోయింది. గడ్డ కట్టలేదు సార్ అని అరిచింది, అప్పుడు పీజీ (ఎంబీబీఎస్ తర్వాత పై చదువు చదివే డాక్టరు) వచ్చినాడు, సిస్టర్ వచ్చింది, అందరూ ఒక్కసారిగా నా చుట్టూ చేరినారు.

ఆ పరీక్షకి మిషన్ అక్కర్లేదంట, కరెంటు అక్కర్లేదంట. రెండు ఎంఎల్ రక్తం, సబ్బుతో కడగని శుభ్రమైన గాజు ట్యూబు (ప్లాస్టిక్‌ది పనికిరాదు), ఒక గడియారం, అంతే. రక్తపింజర విషం మన రక్తంలో గడ్డ కట్టించే సరుకంతా ఖర్చు చేసేస్తుంది కాబట్టి బయటికి తీసిన రక్తం కట్టదు, కట్టకపోతే విషం లోపల పనిచేస్తా ఉన్నట్టు లెక్క. నేను పోయిన ఆ క్లినిక్‌లో ఎవరైనా ఈ ఒక్క పని చేసుంటే అప్పుడే తెలిసిపోయేది, ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

పాము మందు తెల్ల పొడి. సిస్టర్ ఒక్కో సీసాలో నీళ్లు ఎక్కించి రెండు అరచేతుల మధ్య పెట్టుకోని నిదానంగా తిప్పతా ఉంది, గట్టిగా ఊపితే నురగ వస్తుందంట, అట్ల 10 సీసాలు కలిపి సెలైన్‌లో పోసి ఎక్కించినారు. మందు మొదలుపెట్టినాకే తాడు విప్పినారు, అదీ పీజీ పక్కన నిలబడితేనే. కాసేపటికి ఒళ్లంతా దురద, చలి, వణుకు, నేను అయిపోయినాననుకున్నా. ఆ పీజీ మందు ఆపి తొడకి ఒక ఇంజెక్షన్ వేసి, తగ్గినాక మళ్లీ మొదలుపెట్టినాడు. ఆరు గంటలు గడిచినాక మళ్లీ గాజు ట్యూబు, మళ్లీ కట్టలేదు, మళ్లీ మందు. ఆ తర్వాతి సారికి తెల్లారిపోయింది, ఆ హౌస్ సర్జన్ అమ్మాయి డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా ట్యూబు తెచ్చి నా మొహం ముందర తలకిందులు చేసి చూపించింది, రక్తం అట్లే నిలబడుంది. చూడక్కా, కట్టింది అనింది. దాని కండ్లల్లో నీళ్లు, నా కండ్లల్లో నీళ్లు.

పొద్దున రౌండ్స్‌కి పెద్ద డాక్టరు పిల్లల్ని వెంటేసుకోని వచ్చినారు. అమ్మా, వీళ్లకి నీ చెయ్యి చూపించి పాఠం చెప్పొచ్చా అని నన్ను అడిగినారు, చెప్పండి సార్ అన్నా. ఒకరి తర్వాత ఒకరు వాపు చూసినారు, చిగుళ్లు చూసినారు, నిజం చెప్పాలంటే నొప్పిగానే ఉండింది. 10 సీసాలే ఎందుకు ఎక్కించినారు అని ఆయన అడిగితే ఒక పిల్లోడు లెక్క చెప్పినాడు, రక్తపింజర ఒక కాటుకి సగటున 63 మిల్లీగ్రాముల విషం వదుల్తుంది, ఒక సీసా 6 మిల్లీగ్రాములకి విరుగుడు, కాబట్టి మొదలుపెట్టేదే 8 నుంచి 10 అని. చిన్నబిడ్డకైతే ఎంత అని అడిగితే సగం అని ఒకరు అన్నారు, ఆయన కోప్పడినారు, పాము బిడ్డని చూసి తక్కువ విషం వదుల్తుందా, బిడ్డకైనా అంతే అని. నేను పడుకోనే అంతా విన్నా.

ఆయన తర్వాతి ప్రశ్న, ఈమెకి రాత్రి నుంచి యూరిన్ ఎంత వచ్చింది. అందరూ కేస్ షీట్ తిరగేస్తా ఉంటే ఆ హౌస్ సర్జన్ అమ్మాయి ఒక్కతే వంగి మంచం కింద బ్యాగు చూసి, సార్ తెల్లారుజామున నేను చూసినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది, రంగు కూడా టీ డికాషన్ రంగు వచ్చింది అనింది. అప్పటికి నా ఒంట్లో నాకేమీ తెలీదు, రక్తం కట్టింది కదా ఇంటికి పోవచ్చనుకుంటా ఉన్నా. ఆ మాటతోనే రక్తం పరీక్షకి పంపినారు, క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) పెరిగింది, ఇంకో రెండు పూటలకి ఇంకా పెరిగింది. ప్రైవేటు రూమ్‌లో ఒంటరిగా పడుకోనుంటే మంచం కిందికి వంగి చూసేదెవరు? నేర్చుకునేవాళ్లకి ప్రతిదీ కొత్త, అందుకే ప్రతిదీ చూస్తారు.

పక్కనే ఉన్న స్విమ్స్ ఆసుపత్రిలో నెఫ్రాలజీకి, అంటే కిడ్నీ డాక్టర్ల దగ్గరికి పంపినారు. మా మామ ఒప్పుకోలేదు, రాయవేలూరు తీసుకుపోదాం, మనోళ్లందరూ ఆడికే పోతారు, ఉండే చేను ముక్క అమ్మైనా పోదాం అని పట్టుబట్టినాడు. ఆయన్ని తప్పు పట్టను, చిత్తూరు వైపోళ్లకి రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి అంటే అంత నమ్మకం. కానీ అంత దూరం ప్రయాణం ఈమెకి ఇప్పుడు మంచిది కాదు పెద్దాయనా అని పీజీ నిదానంగా కూర్చోబెట్టి చెప్పినాడు. స్విమ్స్ టీటీడీ పెట్టింది, 1995లో యూనివర్సిటీ అయింది, డాక్టర్లు కిడ్నీ మీదే స్పెషల్‌గా ఆడ పై చదువు కూడా చదువుతారని మాకు అప్పుడే తెలిసింది. మెడ పక్కన పైపు వేసి డయాలసిస్ చేసినారు. క్రియాటినిన్ 8 దాటింది, మొహం ఉబ్బింది, కాళ్లు ఉబ్బినాయి, నాకు దప్పిక, నీళ్లు మాత్రం కొలిచి ఇచ్చేవాళ్లు. ఆ దప్పిక గురించి ఎంత రాసినా తక్కువే, పక్క మంచం ఆమె గ్లాసు ఎత్తి తాగతా ఉంటే ఆ శబ్దానికి నేను తల తిప్పుకునేదాన్ని.

కొన్ని వారాలకి ఒక పొద్దున యూరిన్ పెరిగింది, ఆ తర్వాత ఎంత వచ్చిందంటే సీసా మార్చలేక మా అమ్మ అలిసిపోయింది. కిడ్నీ తేరుకునేటప్పుడు అట్లే వస్తుందంట, ఇప్పుడు నీళ్లు తాగు తాగు అని వెంటపడినారు. మెడలో పైపు తీసేసిన రోజు మా ఆయన కొండకి తల ఎత్తి దండం పెట్టినాడు.

ఖర్చు సంగతి. పాము మందుకి రూపాయి తీసుకోలేదు, బయట కొనాలంటే ఒక్కో సీసా వందల్లో ఉంటాది, నాకు పట్టినవి లెక్కేస్తే మా వల్ల అయ్యేది కాదు. డయాలసిస్ రేషన్ కార్డు మీద అయింది, 2007లో ఆరోగ్యశ్రీ అని మొదలయింది కదా, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటా ఉన్నారు, ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు, ఆధార్ ఇస్తే వాళ్లే చూసుకున్నారు. తోడున్నోళ్లకి టీటీడీ అన్నప్రసాదం. ఇంత ఫ్రీ అయినా మేము నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినాం, ఎందుకంటే మా ఆయన కూలి పోయింది, నా కూలి పోయింది, పిల్లలు మా అక్క ఇంట్లో, ఈ లోపల వానలు పట్టి కుప్ప తడిసి శెనక్కాయలు చెట్టుకే మొలకెత్తినాయి. సంవత్సరం కష్టం అది. ఈ ఖర్చు ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనపడదు.

ఇంటికి పంపే ముందు ఇంకో పీజీ అమ్మాయి వచ్చింది, పాము కరిచి కిడ్నీ దెబ్బతిన్నోళ్లు తర్వాత ఎట్లుంటారని థీసిస్ చేస్తా ఉంది. అందులో చేరడానికి తెలుగులో ఉన్న ఒప్పుకోలు కాగితం మొత్తం చదివి వినిపించింది, ఒప్పుకోకపోయినా ట్రీట్మెంట్‌లో తేడా ఉండదక్కా అని రెండుసార్లు చెప్పింది. మా మామ నా చెయ్యి పట్టుకున్నాడు, సంతకం పెడితే ఏం రాయించుకుంటారో అని. నేను ఆ అమ్మాయిని అడిగినా, ఈ పాము మందు యాడ చేస్తారు అని. చెన్నై పక్కన వడనెమ్మేలిలో ఇరుళర్లు అనే పాములు పట్టే తెగవాళ్లు 1978లో పెట్టుకున్న సొసైటీ ఉందంట, వాళ్లు పాముల్ని పట్టి విషం తీసిస్తే దాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకి ఎక్కించి వాటి రక్తంలో నుంచి మందు చేస్తారంట. ఒకే జాతి పాము విషం కూడా ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా ఉంటుందని బెంగుళూరులో ఐఐఎస్సీ అనే సైన్సు సంస్థ వాళ్లు తేల్చినారంట, అందుకని ఏ ప్రాంతంలో కరిచినోళ్లకి ఏమయిందో ఆ ప్రాంతంలోనే చూసి రాసుకోవాలంట. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి సుమారు 12 లక్షల మంది పోయినారని, ఎక్కువ పోయిన రాష్ట్రాల్లో మనదీ ఉందని చెప్పింది. పోయినోళ్లలో మా చిన్నాయన ఒకడు, నాకు పెళ్లి కాకముందు. సంతకం పెట్టినా.

ఇప్పుడు క్రియాటినిన్ 1.1కి వచ్చింది. చిటికెన వేలు సరిగ్గా ముడవదు, చల్లపూట చెయ్యి లాగుతుంది. చేనుకి పోతా ఉన్నా, కుప్పలో చెయ్యి పెట్టే ముందు కట్టెతో కదిలిస్తా, మా ఊరి ఆడోళ్లందరికీ అదే చెప్తా ఉన్నా, పాము కరిస్తే మందు ఉందా అని ముందు అడగండి, లేదంటే ఆడ ఒక్క నిమిషం కూర్చోవద్దండి అని.

థీసిస్ కోసం మధ్య మధ్యలో పోయి రక్తం ఇచ్చి రావాలి. ఆడోళ్లకి బస్సు ఫ్రీ అయింది కాబట్టి టికెట్ బాధ లేదు, ఒక రోజు కూలి మాత్రం పోతుంది. పోయినసారి ఆ పీజీ అమ్మాయినే అడిగినా, రోగం ఖర్చులో ఈ కూలి లెక్కేసేవాళ్లు ఎవరూ లేరా అని. ఆ అమ్మాయి కొంచెం సేపు ఆలోచించి తన ఫారంలో మందులు, పరీక్షలు అనే వరసల కింద కూలి పోయిన రోజులు, నీది, తోడున్నోళ్లది అని ఇంకో గీత గీసుకోని, నన్ను అడిగి రాసుకునింది, మిగిలిన పేషెంట్లని కూడా అడుగుతానక్కా అనింది.