పాలు పడని కాన్పు

2011 ఆగస్టులో నాకు పాప పుట్టింది. కాన్పు మామూలుగానే అయింది కానీ మాయ పడలేదు. ఆ తర్వాత రక్తం ఆగలేదు. నర్సులు గుడ్డల మీద గుడ్డలు మార్చడం, ఎవరో "బీపీ అందట్లేదు" అనడం, మా ఆయన రక్తం కోసం బయటికి పరిగెత్తడం, అంతవరకే గుర్తుంది. నాలుగు బాటిళ్లు ఎక్కించారని తర్వాత చెప్పారు. ప్రాణం దక్కింది, అదే పదివేలనుకున్నాం.

పాలు పడలేదు. మూడో రోజుకి రొమ్ములు బరువెక్కుతాయని అమ్మ చెప్పింది. నాకా జాడే లేదు. అత్తయ్య ఎక్కడెక్కడో వెతికించి పాలసొర చేప తెప్పించి, వెల్లుల్లి దండిగా వేసి వండింది. మెంతులు, పచ్చి బొప్పాయి కూర, ఎవరు ఏది చెబితే అది తిన్నాను. పాప లాగి లాగి అలిసిపోయి ఏడ్చేది. చూడ్డానికి వచ్చినవాళ్లు "పథ్యం సరిగా చెయ్యలేదేమో" అనేవాళ్లు. పదో రోజున డబ్బా పాలు కలిపాం. సీసా పట్టుకున్న చేతికి ఆ వెచ్చదనం తగులుతుంటే నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

నెలసరి కూడా మళ్లీ రాలేదు. అంత రక్తం పోయింది కదా, ఒళ్లు కోలుకున్నాక వస్తుందిలే అన్నారు. ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి, రాలేదు. ఆ మాట ఎవరితోనూ గట్టిగా అనలేదు, సిగ్గు.

మాది పర్లాకిమిడి. పుట్టిల్లు టెక్కలి వైపు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది. బజారుకి, పెళ్లికి, వైద్యానికి రెండు వైపులా తిరగడం మాకు అలవాటే. నా కాగితాలూ అలాగే చెదిరిపోయాయి. కాన్పు ఒక చోట, రక్త పరీక్షలు ఇంకో చోట, స్కానింగ్ మరో చోట. మొత్తం కథ ఒక్క డాక్టరు బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు.

ఒంట్లో సత్తువ కొంచెం కొంచెంగా పోయింది. అన్నం వార్చడానికి గిన్నె వంచితే మోచేతులు వణికేవి. మే నెల ఎండల్లో ఇంటిల్లిపాదీ డాబా మీద పడుకుంటే నేను గదిలో దుప్పటి కప్పుకునేదాన్ని. చంకల్లో వెంట్రుకలు పూర్తిగా రాలిపోయాయి. కనుబొమలు చివర్ల దగ్గర పలచబడ్డాయి. ముఖం పాలిపోయింది. మాట నెమ్మదించింది. పాప ఏదైనా అడిగితే జవాబు చెప్పేలోపు అది ఆడుకోవడానికి వెళ్లిపోయేది. బద్ధకం అన్నారు, ఇంకో బిడ్డ లేదన్న దిగులు అన్నారు. ఒక డాక్టరు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ అనే రక్త పరీక్ష చేయించి, "నార్మల్‌గా ఉంది, థైరాయిడ్ లేదు, టెన్షన్ తగ్గించుకో" అని ఐరన్ మాత్రలు రాశారు. అలా ఎనిమిదేళ్లు.

2019లో ఇంకొకరు టీ4, అంటే థైరాయిడ్ గ్రంథి తయారు చేసే హార్మోను, కూడా చూశారు. బాగా తక్కువ ఉంది. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. ఇక బాగుపడతానని రోజూ పరగడుపున వేసుకున్నాను. రెండు వారాలకి వాంతులు మొదలయ్యాయి, లేస్తే కళ్లు తిరిగేవి. ఒక పొద్దున పాప పేరు గుర్తురాలేదు. ఎదురుగా నిలబడి "అమ్మా" అంటోంది. ఆ ముఖం తెలుసు, పేరు నోటికి రావట్లేదు. ఆ భయం ఇప్పటికీ పోలేదు. మా ఆయన కారు మాట్లాడి పాతపట్నం, శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం తీసుకెళ్లారు.

అక్కడ రక్తంలో సోడియం 116 వచ్చింది. 135 పైన ఉండాలి. పెద్ద వయసు డాక్టరుగారు నన్ను కాదు, ముందు మా అత్తయ్యని అడిగారు: "కాన్పులో రక్తం బాగా పోయిందా అమ్మా? బిడ్డకి పాలు పడ్డాయా?" అత్తయ్య నోట మాట రాలేదు. పడలేదని తల అడ్డంగా ఊపింది. "నెలసరి?" అన్నారు. దానికి నేనే జవాబు చెప్పాను. ఎనిమిదేళ్లలో ఎవరూ అడగని ప్రశ్నలు అవి.

నాకు వచ్చిన జబ్బుని షీహాన్ సిండ్రోమ్ అంటారు. 1937లో హెరాల్డ్ షీహాన్ అనే బ్రిటిష్ పాథాలజిస్టు వివరించారు. మెదడు కింద, ఎముకలో గుర్రపు జీను ఆకారంలో ఉన్న చిన్న గుంటలో పీయూష గ్రంథి ఉంటుంది. బఠాణీ గింజంత, సుమారు అర గ్రాము. కడుపుతో ఉన్నప్పుడు పాల హార్మోను కోసం అది ఉబ్బుతుంది, రక్తం ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే రక్తం విపరీతంగా పోయి బీపీ పడిపోతే దానికి రక్తం అందక చచ్చుబడుతుంది. నా ఎమ్మారైలో ఆ గుంట దాదాపు ఖాళీగా కనిపించింది.

డాక్టరుగారు ఇలా చెప్పారు. పీయూష గ్రంథి మేస్త్రీ లాంటిది. థైరాయిడ్, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు దాని పిలుపు మీద పనిచేసే కూలీలు. థైరాయిడ్ తానే పాడైతే మేస్త్రీ గట్టిగా అరుస్తాడు, అంటే పీయూష గ్రంథి దానికి పంపే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. నా థైరాయిడ్ బాగానే ఉంది, మేస్త్రీ గొంతే పోయింది. అందుకే టీఎస్‌హెచ్ నార్మల్‌లా కనబడి అందరినీ మోసం చేసింది. అడ్రినల్ గ్రంథులు తయారు చేసే కార్టిసాల్ అనే హార్మోను ఒంట్లో బాగా ఎక్కువగా ఉండాల్సింది పొద్దున పూట. ఎనిమిదింటికి తీసిన నా రక్తంలో అది 1.2 మాత్రమే. ఆ కొరత తీర్చకుండా థైరాయిడ్ మాత్ర ఇస్తే ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ ఇంకా త్వరగా ఖర్చైపోతుంది. ముందు కార్టిసాల్ కొరత తీర్చే స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాయిడ్. నాకు ఆ వరస తప్పింది.

ఆ రాత్రి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడింది. సోడియం ఒక్కసారిగా పెంచకూడదని నెమ్మదిగా సరిచేశారు. రెండో రోజు పొద్దున పక్క మంచం వాళ్లు ఉప్మా విప్పారు. కరివేపాకు, ఆవాల వాసన. నాకు ఆకలేసింది. ఎన్నో ఏళ్లుగా వేళకి తిన్నానే గాని, ఆకలేసి తినలేదు. ఆ సంగతి అప్పుడే తెలిసింది. మా ఆయన కింది నుంచి తెచ్చిన ఉప్మా మొత్తం తిని, ఆకు అడుగున మిగిలిన పల్లీలు కూడా ఏరుకుని తిన్నాను. పాప పేరు పెట్టి పిలిచాను.

ఇప్పుడు పొద్దున 10 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, మధ్యాహ్నం 5 మిల్లీగ్రాములు. థైరాయిడ్ మాత్ర పరగడుపున. నెలసరికి వేరే హార్మోను మాత్రలు. మొదటి రెండూ జీవితాంతం. థైరాయిడ్ మోతాదు మాకు టీ4 చూసి మార్చాలి, టీఎస్‌హెచ్ చూసి కాదు. స్టెరాయిడ్ అనగానే చుట్టాలు భయపడి మానెయ్యమంటారు. వాళ్లకి ఓపిగ్గా చెబుతాను: ఒళ్లు తానే తయారు చేసుకోవలసిన దాన్ని, అంతే కొలతలో బయటి నుంచి వేస్తున్నాను. ఒక్క రోజు కూడా మానను. జ్వరం వస్తే రెట్టింపు, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్. నిరుడు జ్వరం వచ్చినప్పుడు అలాగే చేశాను, నాలుగో రోజుకి లేచి వంట చేసుకున్నాను.

మా బావగారు తెలుగు మాస్టారు. పీయూషం అంటే అమృతమే కాదు, ఈనిన ఆవు ముర్రుపాలు కూడా అని ఆయన చెప్పారు. అది విని అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం కూరకి బఠాణీలు ఒలుస్తూ ఒక గింజ అరచేతిలో పెట్టుకుని, "ఇంతేనా అమ్మా?" అంది. ఇంతే అన్నాను. "నీకు పథ్యం తెలీదని నలుగురిలో అన్నాను" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నా పర్సులో ఎప్పుడూ ఒక కార్డు ఉంటుంది. నేను స్పృహలో లేకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వెంటనే ఇవ్వమని దాని మీద ఉంటుంది. ఇంగ్లీషులో డాక్టరుగారు రాశారు, తెలుగులో నేను రాశాను. ఒడియా నాకు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. బళ్లో ఒడియా చదువుతున్న మా పాప గుండ్రటి అక్షరాలు కుదురుగా దించి, అడుగున గీత కొట్టి ఇచ్చింది.