కొహిమా టెన్నిస్ కోర్టు పక్కన

గత నెల నాగాలాండ్‌లోని కొహిమా యుద్ధ శ్మశానవాటికను చూశాను. సమాధుల వరుసల మధ్య ఒకప్పటి డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు హద్దులను తెల్లటి గీతలుగా నేటికీ నిలిపి ఉంచారు. 1944 ఏప్రిల్, మే నెలల్లో ఆ కోర్టుకు ఒక కొసన బ్రిటిష్, భారతీయ సైనికులు, మరో కొసన జపాన్ సైనికులు, గ్రెనేడు విసిరితే అందేంత దూరంలో కందకాలు తవ్వుకుని పోరాడారు. అక్కడ నిలబడినంతసేపూ నా మనసులో మెదిలినవాడు బ్రిటిష్ వారి ‘పద్నాలుగవ సైన్యం’ అనే దళానికి అధిపతి విలియం స్లిమ్.

యువకుడిగా బర్మింగ్‌హామ్‌లో బడిపంతులుగా, గుమాస్తాగా పనిచేసిన ఆయన 1942 మార్చిలో బర్మా బలగాల బాధ్యత తీసుకునేనాటికే రంగూన్ చేజారింది. ఆ సైన్యం దాదాపు 1,450 కిలోమీటర్లు వెనక్కి తగ్గి భారత సరిహద్దు చేరింది. ఆ ఏడాదే రంగూన్‌లోని మన తెలుగు కూలీల కుటుంబాలూ కాలినడకన ఇండియా దారి పట్టాయి.

ఓడిన తరువాత ఆయన చేసిన పనే నన్ను కదిలించింది. 1943లో గాయపడిన ఒక్కొక్కరికి 120 మంది చొప్పున రోగులు ఆసుపత్రుల పాలవుతుంటే, మలేరియా మాత్రలు అందరూ మింగుతున్నారా అని ఆకస్మిక పరీక్షలు జరిపించి, మింగినవారి లెక్క 95 శాతం కంటే తక్కువగా తేలిన దళాల అధికారులను పదవి నుంచి తప్పించాడు. ముగ్గురిని తప్పించేసరికి మిగిలినవారు దారికి వచ్చారు. కొహిమా మీదికి జపాన్ డివిజన్ (వేలాది సైనికుల దళం) ఒకటి మొత్తంగా వస్తుందని ఊహించకపోవడం తన తప్పేనని కూడా ఆయన దాచకుండా రాశాడు. గెలిచిన సేనాని అలా ఒప్పుకోవడం నాకు ఎంతో గొప్పగా తోచింది.

పైమెట్టున, దహన సంస్కారాలు జరిగిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకం ఉంది. ఆ పేర్లు చదువుతూ చాలాసేపు ఉండిపోయాను.