లేపాక్షికి ఇంకా రాలేదండీ!

"లేపాక్షికి యునెస్కో గుర్తింపు వచ్చేసింది" అని ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఒక మాట. రాలేదు. 2022లో అక్కడి వీరభద్రస్వామి గుడి, నంది చేరింది ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో. వరుసలో నిలబడటానికి టోకెన్ లాంటిది, అంతే. ఆ జాబితాలో కనీసం ఏడాది ఉన్నాకే నామినేషన్. ఏడాదికి ఒక దేశం నుంచి ఒక్కటే తీసుకుంటారు. పూర్తి దస్త్రం ఫిబ్రవరి 1 లోపు పారిస్‌లోని యునెస్కో కార్యాలయానికి చేరాలి. తర్వాత ఇకోమోస్ (కట్టడాల మీద యునెస్కోకు సలహా ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) నిపుణుల పరిశీలన, ప్రపంచ వారసత్వ కమిటీ తేల్చేసరికి సుమారు ఏడాదిన్నర. రామప్ప గుడి 2021లో గట్టెక్కింది ఈ దారినే.

శిల్పాల గొప్పదనం రాయడం తేలికే. చిక్కంతా సరిహద్దులు, బఫర్ జోన్ (కట్టడం చుట్టూ ఉంచే రక్షణ వలయం), నిర్వహణ ప్రణాళిక దగ్గర. మన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉండాలి. గుడికీ పెద్ద నందికీ నడుమ ఉన్నది ఊరాయె!

అందరూ వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతుంటారు. తల పైకెత్తండి. సున్నపు గార మీద వేసిన 16వ శతాబ్దపు బొమ్మలు అక్కడున్నాయి. పైకప్పు సందుల్లోంచి వాననీరు ఇంకితే గారలోని లవణాలు కరుగుతాయి. ఆరేటప్పుడు రంగుపొర కింద గట్టిపడి దాన్ని పైకి తోస్తాయి. పొక్కులు లేస్తాయి, పెచ్చులు రాలతాయి. సందుల్ని సిమెంటుతో పూడిస్తే తేమ బయటికి పోయే దారి లేక ఇంకా చేటు. సున్నమే వాడాలి. రాలినచోట కొత్త రంగులు పూయించారో, యునెస్కో చూసే ప్రామాణికత (అసలుతనం) అనే పరీక్షలో అక్కడే దెబ్బ.